తిమ్మమ్మ చేతి బోణీ

బత్తలపల్లె బస్టాండు పక్కన పొద్దున్నే కూరగాయలు పెట్టి అమ్మే ఆడవాళ్ళలో తిమ్మమ్మకు ఉన్నంత అసూయ చిత్రావతి ఏటికి ఈ పక్కా ఆ పక్కా ఇంకెవరికీ లేదు. ఇది గాలిమాట కాదు. ధర్మవరంలో ఎవరి చేలోనైనా సొరకాయ మూరెడు దాటి పెరిగితే ఇక్కడ తిమ్మమ్మకు ఎక్కిళ్ళు మొదలయ్యేవి. రాప్తాడు పక్క ఒక రైతుకు కాసిన గుమ్మడికాయను కోయడానికి రంపం తెప్పించారని ఒకసారి ఎవరో చెబితే, ఆమె ఆ పూట సంకటి ముద్ద ముట్టలేదు. ఆ రంపం కథ టీ అంగడి కుళ్ళాయప్ప కల్పించాడని మరుసటి రోజు తెలిసింది. అప్పుడూ ముట్టలేదు. అబద్ధపు గుమ్మడికాయ అయితే మాత్రం ఏమి, అదీ తన చేలో కాసింది కాదు కదా!

అలాగని అన్నింటికీ కుళ్ళుకునే మనిషి కాదామె. పక్కింటావిడ మెడలో కొత్త గొలుసు మెరిస్తే తిమ్మమ్మ కళ్ళు అటు తిరిగేవి కావు. చుట్టాలు మిద్దె మీద మిద్దె కట్టుకుంటే, "మంచిదేలే, గాలి బాగొస్తాది" అనేది. ఆమె కడుపుమంటంతా కూరగాయల దగ్గరే. ఎందుకంటే కూరగాయంటే ఆమెకు నీళ్ళు. తిమ్మమ్మ చేలో బోరు ముసలి రోగిలా దగ్గి దగ్గి, దగ్గినప్పుడల్లా ఒక చెంబుడు కక్కేది. ఆ చెంబుడు నీళ్ళు వంకాయ మొక్కకు పోయాలా, టమేటా మొక్కకు పోయాలా అని ఆమె మొక్కల మధ్య నిలబడి పంచాయతీ చేసేది. అలా పెంచిన వంకాయను పేరు పెట్టి పిలిస్తే పలికేది. నమ్మనివాళ్ళు ఆమె చేను గట్టు మీద నిలబడి పిలిచి చూసుకోవచ్చు.

బత్తలపల్లె మార్కెట్టులో ఒక పద్ధతి ఉంది. సరుకంతా అమ్ముడైన మనిషి తన బుట్టను దులిపి, బోర్లించి, దాని మీద కూర్చుంటుంది. మిగతావాళ్ళు ఇంకా గొంతు చించుకుంటూ ఉండగా, బోర్లించిన బుట్ట మీద కూర్చుని వక్కాకు నమలడం కన్నా పెద్ద సింహాసనం ఈ భూమ్మీద ఎక్కడుంది? ఏళ్ళ తరబడి ఆ సింహాసనం తిమ్మమ్మదే. పుట్టపర్తి బస్సు రాకముందే ఆమె బుట్ట బోర్లించేది. ఆ తరవాతే మిగతావాళ్ళు. ఆ కాసేపటి కోసమే ఆమె ఏడాది పొడుగునా ఆ దగ్గే బోరుతో కాపురం చేసింది.

సరళ వచ్చేదాకా.

సరళ కొత్తచెరువు పిల్ల. పక్క పల్లెకు కోడలుగా వచ్చి, మొగుడితో కలిసి డ్రిప్పు పైపులు పరిచి వంకాయలు వేసింది. ఆ వంకాయలు నూనె రాసినట్టు నిగనిగలాడేవి. వాటిలో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. ఆ పిల్ల వచ్చి సరిగ్గా తిమ్మమ్మ పక్కనే గోనెపట్ట పరిచింది. కొద్ది రోజులకే, ఒక పొద్దున పుట్టపర్తి బస్సు హారన్ ఇంకా వినపడకముందే, సరళ బుట్ట దులిపి, బోర్లించి, దాని మీద కూర్చుంది. కూర్చుని ఊరుకుందా?

"అత్తా, వక్కాకు ఉండాదా?" అని అడిగింది.

అడగడానికి ఆ పిల్లకు ఈ లోకంలో ఇంకేదీ దొరకలేదు!

ఆ రోజు ఇంటికి పోయేదారిలో తిమ్మమ్మ మొగుడు సుంకప్ప మీద విరుచుకుపడింది. "ఆ పిల్ల వంకాయల్లో ఏముండాదయ్యా? వట్టి నీళ్ళే గదా!"

"మన వంకాయల్లో ల్యానిది అదే గదమే," అన్నాడు సుంకప్ప. ఆ మాటకు అతనికి రాత్రి కూరలో ఉప్పు పడలేదు.

సుంకప్ప గురించి ఒక్క మాట చెప్పాలి. తిమ్మమ్మ ఏ ఊరికి పోయినా వెనకాల ఒక ఖాళీ సంచి పట్టుకుని నడిచే మనిషి అతను. తిమ్మమ్మకు ప్రయాణమంటే సంతే. కదిరి తేరుకు పోతే, జనమంతా తేరు వైపు తిరిగి దండం పెడుతుంటే, ఆమె తేరుకు వీపు చూపించి టమేటా మండీకి నడిచింది. ఎవరి కంటి ఆపరేషనుకో తోడుగా కోలారు పోయి, ఆస్పత్రి దారి అడగకముందే మార్కెట్టు దారి అడిగింది. పెళ్ళికి పోయి వస్తే పెళ్ళికూతురి ముఖం గుర్తుండేది కాదు గానీ, ఆ ఊరి బీరకాయ ఎంత పచ్చగా ఉండిందో చచ్చేదాకా మరిచేది కాదు. పోయిన ప్రతి చోటా చూసేది, లోపల భగభగా మండేది, ఏమీ కొనకుండా తిరిగొచ్చేది. సంచి మడత విప్పింది లేదు.

"కొననిదానికి సంచి యాలమే?" అని సుంకప్ప ఒకసారి అడిగాడు.

"సంచి ల్యాకపోతే కొననీకి వచ్చినట్ల కనపడదు. అట్ల కనపడకపోతే బేరమెట్ల ఆడేది?"

ఆ బేరంలోనే ఉంది ఆమె ఆయుధం. కూరగాయలమ్మే మనిషికి పొద్దున మొదటి అమ్మకం, అంటే బోణీ, ప్రాణంతో సమానం. మొదటి మనిషి మారుమాట లేకుండా కొనిపోతే ఆ రోజంతా గిరాకీ ఉంటుందని నమ్మకం. మొదటి మనిషే గీచిగీచి బేరమాడి, వంకలు పెట్టి, వట్టి చేతులతో పోయిందా, ఇక ఆ పూట అమ్మకం అడుగంటినట్టే. తిమ్మమ్మకు ఇది తెలియదా? పుట్టినప్పటి నుంచి తెలుసు. అందుకే ఏ ఊరికి పోయినా తెల్లవారకముందే సంతలో దిగి, అన్నిటికన్నా అందంగా ఉన్న రాశి ఏదో చూసుకుని, ఇంకా బోణీ కాలేదని రూఢి చేసుకుని, నడుం మీద చెయ్యి పెట్టి బేరం మొదలుపెట్టేది. ముప్పై అంటే మూడు అడిగేది. "ఇది వంకాయా, ఎలుక పిల్లా?" అనేది. చివరికి మూతి తిప్పుకుని పోయేది. వెనక నుంచి ఆ అమ్మేవాళ్ళు తిట్టే తిట్లు ఆమె చెవులకు సన్నాయి మేళం.

సొంత ఊరి మార్కెట్టులో మాత్రం ఆ పని చేసేది కాదు. పక్కపక్కన కూర్చునే వాళ్ళ బోణీ చెడగొడితే మనిషి జాతిలోంచి వెలి వేస్తారు. సరళ వంకాయలను చూస్తూ ఆమె ఆ కట్టుబాటును ఎంత తిట్టుకుందో ఆమెకే తెలుసు.

అలాంటి రోజుల్లో పొదుపు సంఘం ఆడవాళ్ళంతా కలిసి టెంపో మాట్లాడుకుని మైసూరు బయల్దేరారు. తిమ్మమ్మా ఎక్కింది. ఆమె వెనక సంచితో సుంకప్ప ఎక్కాడు. వాళ్ళ వెనక సీట్లో, కిటికీ పక్క చోటు సంపాదించి, సరళ కూర్చుంది. దారి పొడుగునా చెరకు తోటలు, కాలువలు. ఆడవాళ్ళు పాటలు పాడుతుంటే తిమ్మమ్మ కిటికీ తెర లాగేసుకుంది.

తెల్లవారుతుండగా మైసూరు మార్కెట్టు దగ్గర టెంపో ఆగింది. మిగతావాళ్ళు కాఫీ కోసం పోయారు. తిమ్మమ్మ సంతలోకి పోయింది. లోపల అడుగుపెట్టగానే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ఆకుకూరల వాళ్ళు బిందెల కొద్దీ నీళ్ళు తెచ్చి కొత్తిమీర కట్టల మీద చల్లుతున్నారు. పసిబిడ్డకు స్నానం చేయించినట్టు, పైనా కిందా తిప్పి మరీ పోస్తున్నారు. తన చేలో ఒక సాలు వంగ మొక్కలు ఒక పూట బతికే నీళ్ళు, కట్టల మీద నుంచి జారి, రాళ్ళ మధ్య కాలువలో పడి, ఎటో పోతున్నాయి. తిమ్మమ్మ ఆ కాలువ వెంబడి చూపుతో కొంత దూరం పోయింది. తనకు వచ్చింది కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు. అయితే ఎక్కువసేపు ఆలోచించే అలవాటు లేదు కాబట్టి దాన్ని కోపం కిందే జమ వేసుకుంది.

ఆ కోపంతోనే ఒక ముసలవ్వ రాశి ముందు నిలబడింది. పచ్చగా, పొడుగ్గా, ఒకే అచ్చులో పోసినట్టున్న వంకాయలు. వాటి మధ్య ఒక వంకాయకు ఊదుబత్తి గుచ్చి అప్పుడే వెలిగించింది అవ్వ. అంటే బోణీ కాలేదు.

"ఎంతవ్వా కేజీ?"

"నలవత్తు," అంది అవ్వ. నలభై అన్నమాట. కన్నడమైతేనేమి, అనంతపురం మనిషికి అర్థం కాని ధర ఉంటుందా?

"నాలుక్కిస్తావా? మా ఊర్లో ఇట్లాటివి ఎనుములు గూడా మూతి పెట్టవు."

అవ్వ ఆమెను పైనుంచి కిందికి చూసింది. వెనక సుంకప్ప చేతిలో నలగని మడతతో ఉన్న సంచిని చూసింది. ఆ సంచి అవ్వకు మొత్తం కథ చెప్పేసింది కాబోలు, బోసినోటితో ఒక నవ్వు నవ్వి, తక్కెడ చేతిలోకి తీసుకుంది.

"తగొళ్ళమ్మా," అంది. తీసుకో తల్లీ అని.

తిమ్మమ్మ జన్మలో ఇలాంటిది జరగలేదు. బోణీ చెడగొట్టడం ఆమె లెక్కలో కొంటె పని. అడిగిన ధరకు అవతలి మనిషి సరే అన్నాక కొనకుండా పోవడం మాత్రం దొంగతనం కన్నా నీచం. ఆ మాట తప్పితే రేపు తను ఏ ముఖంతో బుట్ట ముందు కూర్చుంటుంది? తక్కెడలో వంకాయలు పడుతుంటే ఆమె కొంగు ముడి తడుముకుంది.

"పట్టయ్యా సంచి," అంది, తన గొంతు తనకే వినపడనంత మెల్లగా. సుంకప్పకు ఆ మడత ఎలా విప్పాలో కాసేపు తెలియలేదు. వెనక నుంచి కిలకిలా నవ్వు వినపడింది. సరళ!

"అత్తా, శానా బాగ బేరమాడితివి!" అంది.

కథ అంతటితో ఆగినా బాగుండేది. మహారాజు కోట చూసి ఎండెక్కాక టెంపో దగ్గరకు తిరిగొస్తుంటే, ఆ అవ్వ గోనెపట్ట దులుపుకుంటూ కనపడింది. ఒక్క వంకాయ మిగల్లేదు. ఊదుబత్తి గుచ్చిన వంకాయను కూడా ఎవరో ఊదుబత్తితో సహా కొనుక్కుపోయారట. అవ్వ పరుగులాంటి నడకతో వచ్చి తిమ్మమ్మ కుడిచేతిని పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నిమ్మ కై ఒళ్ళేదమ్మా," అంది. నీ చెయ్యి మంచిదమ్మా అని. పక్కన నిలబడి సరళ అంతా విన్నది.

తిరుగు ప్రయాణంలో తిమ్మమ్మ ఒళ్ళో పెట్టుకున్న సంచిలోని వంకాయలను చూసి దారంతా కుళ్ళుకుంటూ కూర్చుంది. ఇంట్లో ఆ వంకాయలు వండింది. సుంకప్ప రుచి చెప్పడానికి నోరు తెరిచి, ఆమె ముఖం చూసి, ఆ నోట్లో ఇంకో ముద్ద పెట్టుకున్నాడు.

మరుసటి పొద్దున బత్తలపల్లెలో సరళ తన వంకాయలు పేర్చి, ఒక్కరికీ అమ్మకుండా ఎదురుచూస్తూ కూర్చుంది. తిమ్మమ్మ బుట్ట దించగానే అందరూ వినేటట్టు పిలిచింది.

"అత్తా, ఈ పొద్దు నా బోణీ నువ్వే చెయ్యల్ల. మైసూరవ్వ నీ చెయ్యి కండ్లకద్దుకున్నింది, నేను చూసినా."

మార్కెట్టంతా ఇటు తిరిగింది. తిమ్మమ్మ మనసు గంతేసింది. ఆహా, పిలిచి మరీ మెడ చాపుతోంది పిల్ల! బేరమాడి పోతే ఇక ఎవరు తప్పు పడతారు? మైసూరులో చేసిన పొరపాటు ఇక్కడ చేయకూడదు. ఏ పిచ్చిదీ ఒప్పుకోని ధర అడగాలి.

"కేజీ రూపాయికిస్తావా?" అంది.

టీ అంగడి కుళ్ళాయప్ప గ్లాసు కడగడం ఆపేశాడు. సరళ కన్ను కూడా ఆర్పలేదు.

"తీసుకో అత్తా."

అంతే. జిల్లాలోనే చవకైన వంకాయలు సుంకప్ప సంచిలో పడ్డాయి. ఆ పూటే, బెంగుళూరు పోయే కారొకటి టైరు పంక్చరై సరిగ్గా సరళ బుట్ట ముందే ఆగింది. టైరు మారేదాకా ఊరికే నిలబడలేక అందులోని వాళ్ళు సంచులు నింపుకున్నారు. పుట్టపర్తి బస్సు ధర్మవరం దాటకముందే సరళ బుట్ట బోర్లించింది. ఆ టైరును తిమ్మమ్మ చేతి మహిమే పొడిచిందని కుళ్ళాయప్ప టీతో పాటు అందరికీ పంచాడు.

ఇక చూడాలి. నిమ్మకాయల సిద్దమ్మ పిలిచింది, బెండకాయలామె పిలిచింది, కరివేపాకు కట్టలు అమ్మే ముసలామె కూడా పిలిచింది. "తిమ్మక్కా, నాకు నువ్వే బోణీ" అని. తిమ్మమ్మకు ఆ పిలుపులు తియ్యగానే ఉన్నాయి. పెళ్ళికొడుకు తల్లిలా కొంగు సర్దుకుని, ఒక్కో బుట్ట ముందు ఆగి, పావుకిలో ఇక్కడ, రెండు కట్టలు అక్కడ తీసుకుంటూ నడిచేది. సుంకప్ప సంచి రోజూ నిండేది. తన బుట్ట దగ్గరకు వచ్చేసరికి మాత్రం పొద్దెక్కేది. కొనేవాళ్ళంతా సరళ దగ్గరో ఇంకొకరి దగ్గరో కొనేసి ఉండేవాళ్ళు. మార్కెట్టులో అందరూ బుట్టలు బోర్లించి కూర్చుంటే, అన్నిటికన్నా చివర్న, ఎండలో, తిమ్మమ్మ ఒక్కతే టమేటాల ముందు మిగిలేది. తన చేత్తో తనకు బోణీ చేసుకుందామంటే కుదరదు. మొగుడితో చేయిద్దామంటే మొగుడి బోణీ లెక్కలోకి రాదు.

"మన టమేటాలు మనమే తింటాండాం, మందివి గూడా మనమే తింటాండాం," అన్నాడు సుంకప్ప. "నీ సింహాసనం యాడికి పాయెనో సూసుకున్నావా?"

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. నిజమే. ఇన్నేళ్ళు దేనికోసం బోరు దగ్గర కాపలా కాసింది? పక్కవాళ్ళను గద్దె ఎక్కించడానికా? రేపటి నుంచి తన చెయ్యి తన బుట్టకేనని ఒట్టు పెట్టుకుంది. మరీ మొహం మీద కాదనలేక, కొత్తచెరువులో చుట్టాల పెళ్ళి ఉందని ఒక రోజు ముందే మొగుణ్ణి లాక్కుని బయల్దేరింది.

పెళ్ళి రోజు పొద్దున్నే ఆమె ఎక్కడుందో చెప్పాలా? కొత్తచెరువు కూరగాయల దగ్గర ఉంది. వెనక ఖాళీ సంచి. ఎదురుగా, గుత్తులు గుత్తులుగా, తల వెంట్రుకలంత సన్నగా కాసిన గోరుచిక్కుళ్ళు. నడుం మీద చెయ్యి పెట్టింది. పాత తిమ్మమ్మ తిరిగొచ్చింది. నోరు తెరవబోతుంటే సుంకప్ప ఫోన్ మోగింది. అవతల కుళ్ళాయప్ప.

"ఏమప్పా సుంకన్నా, అక్కకు చెప్పు. ఈ పొద్దు సరళకు నిమ్మకాయల సిద్దమ్మ బోణీ చేసిన్యాది. బస్సు ఇంకా రానేల్యా, బుట్ట బోర్లించేసిన్యాది ఆ పిల్ల! సిద్దమ్మ చెయ్యే మంచిదని అనుకుంటాండారు ఈడ."

సుంకప్ప చెప్పకుండా దాచేవాడే. కానీ కుళ్ళాయప్ప గొంతుకు ఫోన్ అవసరం లేదు. తిమ్మమ్మ మొత్తం విన్నది. ఆమె ముఖం కాగిన పెనంలా మారింది. ఆ పెనం మీద రొట్టె కాల్చవచ్చు.

"సిద్దమ్మదా? సిద్దమ్మ చెయ్యా? నిమ్మకాయ పిండితే రసం రాని చెయ్యి అది!"

"నీకెందుకే? చెయ్యి మన బుట్టకే అని ఒట్టు పెట్టుకుంటివి గదా. నా నెత్తి మీంచి పాయె సంచి బరువు."

ఆమె వినలేదు. గోరుచిక్కుళ్ళను వదిలేసింది, తాళిబొట్టు కట్టడం చూడలేదు, పెళ్ళి భోజనం వాసన కూడా పీల్చలేదు. బస్సు ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, ముందు పోయే ప్రతి ఎద్దుల బండినీ తిట్టింది. బస్సు కన్నా ముందే ఆమె కడుపుమంట బత్తలపల్లె చేరిందని, ఆ పూట బస్టాండులో కుండల్లో నీళ్ళు వేడెక్కాయని కుళ్ళాయప్ప ఇప్పటికీ చెబుతాడు.

మరుసటి పొద్దున ఆమె టమేటాల బుట్ట దించి అటు తిరిగేసరికి, సిద్దమ్మ అప్పటికే సరళ వంకాయల మీద వంగి ఉంది. కొత్తగా వచ్చిన పేరు కదా, దాన్ని తాపీగా అనుభవిస్తోంది. "ఇంకొంచెం తగ్గించు పాపా" అంటోంది. తిమ్మమ్మ ఒక్క అంగలో అక్కడుంది.

"రెండు కేజీలు ఎయ్యి," అంది.

"నేను ముందొచ్చినా గదక్కా!" అంది సిద్దమ్మ.

"ముందొచ్చి బేరమాడతాండావు. కొంటాండేది నేను. ఎయ్యి పిల్లా."

సరళ తక్కెడ పట్టుకుని అనుమానంగా చూసింది. "ఎంతకు అత్తా?"

"నువ్వు ఎంతంటే అంత."

కుళ్ళాయప్ప పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. ఎవరూ పట్టించుకోలేదు. కదిరి తేరునూ, మైసూరు కోటనూ బేరమాడి వచ్చిన తిమ్మమ్మ, చెప్పిన ధరకు కొంటోంది! అదీ సరళ వంకాయలు! సరళ ధర చెప్పింది. తగ్గించి చెప్పలేదు. ఆ పిల్లా తక్కువది కాదు. తిమ్మమ్మ కొంగు ముడి విప్పి, ఇచ్చేసింది. సుంకప్ప సంచి తెరిచి పట్టుకున్నాడు. ఈ మధ్య అతనికి ఆ పని బాగా వచ్చింది.

బస్సు రాకముందే సరళ రాశి ఖాళీ అయింది. బుట్ట దులిపింది, బోర్లించింది. కూర్చోలేదు. దాన్ని కాలితో మెల్లగా తిమ్మమ్మ వైపు జరిపింది.

"కూచో అత్తా. నీ చేతిదే గదా ఇది."

తిమ్మమ్మ ఆ బుట్టను చూసింది. అది తనది కాదు. దానిలో కాసేపటి కిందటి దాకా ఉన్నవి తన వంకాయలు కావు. అయినా సింహాసనం సింహాసనమే. పక్కన సిద్దమ్మ చూస్తోంది. తిమ్మమ్మ కొంగు దులిపి, నిదానంగా, మార్కెట్టంతా చూసేటట్టు, ఆ బుట్ట మీద కూర్చుంది.

"చూసినావా నా చెయ్యి?" అంది మొగుడితో.

"చూసినా," అన్నాడు సుంకప్ప. "మన బుట్ట గూడా ఒకసారి చూడు. ఎట్ల తెచ్చినామో అట్లే ఉండాది."

తిమ్మమ్మ అటు తిరగలేదు.

"అది తరవాత. సిద్దమ్మ నిమ్మకాయలు పోయినాయా, ఉండాయా? అది చెప్పు."

సుంకప్ప మెడ చాచి చూశాడు. "ఉండాయి. నిండుగానే ఉండాయి."

"అట్లయితే వక్కాకు ఇయ్యి," అంది తిమ్మమ్మ.